పెద్ద పాప బరువెంత?

పిల్లల వార్డులో ఆ సిస్టరు అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆమె ‘ఆగండక్క’. సిరంజి చేతిలోకి తీసుకున్నాక కూడా ఒకసారి “ఆగండి” అని బిడ్డ బరువు, మందు మోతాదు మళ్ళీ చూసుకుంటుంది. పిల్లలకు మందు లెక్కంతా బరువు మీదే కదా. ఆ జాగ్రత్తకు ఆసుపత్రి ఇచ్చిన బహుమానం, ఆమె పనితీరు నివేదికలో ఏటేటా “చేతివేగం తక్కువ” అన్న ముక్క. ఆమె దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు ఆమెకే ఇన్‌చార్జిలయ్యారు. ఇది అన్యాయం కాక మరేమిటి?

ఇంతలో వార్డుకు కంప్యూటరు చీటీలు వచ్చాయి. డాక్టరు మందును తెర మీదే రాయాలి. బరువు నింపనిదే యంత్రం కదలదు. మందు ఇచ్చేముందు బిడ్డ చేతిపట్టీని స్కాన్ చేయాలి.

“అక్కా, మీ చుట్టం దిగింది. అదీ మీలాగే ఆగండంటోంది!” అన్నాడు కుర్ర డాక్టరు.

“దాన్నెవరూ నత్త అనరు లెండి,” అందామె. లోపల మాత్రం సంబరపడింది. డాక్టర్ల కొక్కిరిబిక్కిరి రాతలతో కుస్తీ పట్టే బాధ తప్పింది మరి.

ఒక మధ్యాహ్నం జ్వరం, దగ్గుతో కవల ఆడపిల్లలు చేరారు. పాకే వయసు. పేర్ల దగ్గర ఇంట్లో పోట్లాట ఇంకా తెగలేదట. అందుకే తల్లి చెప్పినట్టు ‘పెద్ద పాప’, ‘చిన్న పాప’ అని కౌంటరులోనే పట్టీలు కట్టేశారు.

సిస్టరు పెద్ద పాపను ఒళ్ళోకి తీసుకుని పట్టీ స్కాన్ చేసింది. తెర పచ్చగా వెలిగింది. బరువు తొమ్మిది కిలోలు, ఇంజెక్షను దానికి తగ్గట్టే ఉంది. కానీ ఒళ్ళో పిల్ల పిచ్చుకంత తేలిగ్గా ఉంది.

“ఆగండి.”

“యంత్రమే పచ్చజెండా ఊపింది కదక్కా!”

“యంత్రం ఈ పిల్లను ఎత్తుకోలేదు కదా, డాక్టరుగారూ.”

తూస్తే ఆరు కిలోలు. ఆ ఇంజెక్షను ఇచ్చి ఉంటే పసిదానికి ఒకటిన్నర రెట్లు మందు పడేది. డాక్టరు ముఖం పాలిపోయింది. రెండో పిల్లను తూస్తే తొమ్మిది.

“ఇందాక బరువు చూసేటప్పుడు పెద్దది ఏదని అడిగితే ఎవర్నిచ్చారమ్మా?” అంది సిస్టరు, పిల్లల వెంట వచ్చిన అమ్మమ్మతో.

“పెద్దదాన్నే ఇచ్చా,” అంటూ అమ్మమ్మ బొద్దు పిల్లను చూపించింది. “కళ్ళు కనబడట్లా? ఇది దానికి అక్కలా లేదూ?”

“అయ్యో అమ్మా! ముందు పుట్టింది అది కదే!” తల్లి తల పట్టుకుంది.

“ముందు పుడితే సరా? తిని ఒళ్ళు చెయ్యొద్దూ?”

వార్డంతా గొల్లుమంది. డాక్టరు బరువులు సరిచేసి, మందు మళ్ళీ రాసి, “మీరొకసారి చూడండక్కా,” అని తెరను ఆమె వైపు తిప్పాడు. మర్నాటికి జ్వరాలు దిగాయి. బొద్దు పాప అమ్మమ్మ కళ్ళజోడు పీకుతుంటే, బక్క పాప పాలగిన్నె ఖాళీ చేసి ఇంకా కావాలని కేకలు పెట్టింది.

“చూశావా, పెద్దదైపోతోంది!” అని అమ్మమ్మ మురిసిపోయింది.

ఇప్పుడా వార్డులో బరువు చూసేటప్పుడూ పట్టీ స్కాన్ చేస్తున్నారు. సిస్టరు నివేదికలో “చేతివేగం తక్కువ” అన్న ముక్క మాత్రం అలాగే ఉంది. కంప్యూటరు మంచిదే, మీ ఊరి పిల్లల వార్డుకూ అడిగి తెప్పించుకోండి. కానీ బిడ్డను చేర్చినప్పుడు “బరువు చూశారా? ఎంత వచ్చింది?” అని మీరూ నోరు తెరవండి. మందు ఇచ్చేముందు మరోసారి సరిచూసే నర్సును తొందరపెట్టకండి. వీలైతే ఆసుపత్రి పెద్దలకు ఆమెను మెచ్చుకుంటూ రెండు ముక్కలు రాసివ్వండి. ఫిర్యాదు రాయడానికి దొరికే కాగితం అందుకూ దొరుకుతుంది.