నాచారం గల్లీలో ఉచితంగా పంచిన రాతినార

ఉప్పల్ నుంచి నాచారానికి ఎవరూ విహారయాత్రకు వెళ్లరు. మా అమ్మాయి సుధ పొద్దున్నే ఫోన్ చేసి అంత సంబరపడకపోతే నేనూ వెళ్లేదాన్ని కాదు. "పక్కన పాత షెడ్డు కూలుస్తున్నారమ్మా. సిమెంటు రేకుల పొడి ఊరికే ఇస్తున్నారు. మా వాకిట్లో గుంతలన్నీ పూడిపోతాయి." ఆ వాకిట్లోనే దాని కూతురు, ఏడాది నిండని చిట్టి, పాకుతూ ఉంటుంది. ఉద్యోగమంతా రసాయనశాస్త్రం చెప్పాను. మా ఇంట్లో తప్ప అందరికీ అర్థమైంది.

పాత సిమెంటు రేకుల్లో రాతినార ఉంటుంది. గనిలో రాయిగా పుట్టి పోగులుగా విడిపోయే ఖనిజం. ఆస్‌బెస్టాస్ అంటే అదే. రేకు పగిలితే కంటికి ఆనని పోగులు లేచి ఊపిరితిత్తుల్లో దిగుతాయి. అద్దెకున్నవాళ్లలా వాటిని ఖాళీ చేయించలేం. ఊపిరితిత్తుల క్యాన్సర్ లాంటి జబ్బు బయటపడేది ఎన్నో ఏళ్లకు కాబట్టి ఎవరికీ భయం ఉండదు.

ఉప్పల్ రింగురోడ్డు దగ్గర పదింటికి షేర్ ఆటో దొరికింది, ఇరవై రూపాయలు. రెండుసార్లు తొందరపెట్టేసరికి డ్రైవరు వెనక్కి చూశాడు.

"గింత ఫికరెందుకమ్మా? ఎవరన్న దవాఖానల ఉన్నరా?"

"ఉండకూడదనే, నాయనా."

మల్లాపూర్ వైపు వెళ్లే గల్లీ మొదట్లో దిగాను. జనం తట్టలతో బూడిదరంగు పొడి మోసుకుపోతున్నారు. సుధ దాన్ని అప్పుడే వాకిట్లో పరిచి చీపురుతో సర్దుతోంది. చిట్టి మళ్లీ గడప దాటబోతోంది.

"చీపురు కింద పెట్టు. పిల్లని లోపలికి తీసుకెళ్లి తలుపులు వెయ్యి."

వాకిలంతా నీళ్లు చల్లి, మూతికి తడి కొంగు కట్టుకుని షెడ్డు దగ్గరికి వెళ్లాను. మేస్త్రీ యాదగిరి సుత్తితో రేకులు పగలగొట్టిస్తున్నాడు.

"చిన్నప్పటి సంది గీ రేకుల కిందనే ఉన్న. నాకేమైంది?"

"దగ్గుతున్నావుగా."

"గది బీడీ దగ్గు."

"ఇంకేం, రాతినారకు మంచి తోడు దొరికింది. ఆ రెండూ కలిస్తే ఒకదానికొకటి బాగా సాయం చేసుకుంటాయి."

సుత్తి ఆగింది. "మరి ఓనరు సాయంత్రానికల్ల ఖాళీ జేయమన్నడు. మీరొచ్చి చెప్తరా?"

"చెప్తాను. ఫోన్ కలుపు."

ఓనరు ముందు కసిరాడు. గల్లీ మొత్తాన్ని వాళ్లింటి ముందుకు తీసుకొస్తానన్నాక దిగొచ్చాడు. మిగిలిన రేకులు తడిపి, పగలకుండా దించడానికి ఒప్పుకున్నాడు. పైపు సుధే తెచ్చి తమ నల్లాకు తగిలించింది. అప్పుడు మెల్లగా అడిగింది: "పొద్దున్నుంచి అందులోనే ఆడిందమ్మా. దానికేమైనా అవుతుందా?"

ఒక్కపూటకు ప్రమాదం తక్కువేనన్నాను. అది నిజమే. కానీ తట్టలకెత్తిన పొడి ఎన్ని వాకిళ్లలో, ఎన్ని గుంతల్లో చేరిందో ఆ సాయంత్రం ఇల్లిల్లూ తిరిగినా పూర్తిగా తేలలేదు. తిరిగొచ్చేటప్పుడు ఒక ఆటో గల్లీలో ఆ పొడితో పూడ్చిన గుంత మీదుగా పోయింది. వెనకాల సన్నగా దుమ్ము లేచింది. ఊపిరి బిగపట్టాను, ఎంతసేపని?

మీ ఇంటి మీదో పక్కింటి మీదో పాత రేకులుంటే, దించే ముందు తడపండి, బోల్టులు విప్పి నిండు రేకుగానే దించి, మందపాటి ప్లాస్టిక్‌లో చుట్టించండి. పొడి ఊరికే ఇస్తామంటే మాత్రం తట్ట తీసుకుని వెళ్లకండి.