మట్టితో మూసిన కమానులు

పాత ఇళ్ల మీద పుస్తకం వేసినాయనకు మూడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. మూడోది రిజిస్టరు చేసి పంపాను, అందలేదని అనడానికి వీల్లేదు.

ఆ పుస్తకంలో కోరుట్లలోని వకీలు దొర బంగళాకు రెండు పేజీలిచ్చారు. ఎవరో ఇంగ్లీషువాళ్ల ఇంటి బొమ్మ చూసి వకీలుగారు కట్టించుకున్న మేడ అది. వీధి వైపు పై అంతస్తులో ఏడు కమాను కిటికీలు, హాల్లో చలి కాచుకునే పొయ్యి గూడు, కప్పు మీద పొగగొట్టం. మా ఎండలు ఎరిగినవాళ్లకు ఆ గూడు సంగతి చెప్పక్కర్లేదు. దొరసాని అందులో మామిడి తొక్కు జాడీలు పెట్టుకునేది. కమానులు మాత్రం అచ్చమైనవి. గానుగలో నూరిన డంగు సున్నంతో వాటిని వంపు తిప్పి కట్టింది మా బాపు, మా నాన్న. పుస్తకంలో ఆయన పేరు లేదు. పోనీ, అదీ ఓర్చుకున్నాను. కానీ తర్వాతెప్పుడో తెలివిలేని మేస్త్రీ ఎవరో కిటికీలను మట్టితో, నాసిరకంగా మూసేశాడని రాశారు. ఆ మేస్త్రీ కూడా మా బాపే.

నక్సలైట్ల రోజులు. వకీలుగారి కుటుంబం హైదరాబాదు వెళ్లిపోయింది. బంగళాలో పోలీసు క్యాంపు దిగింది. జీపు పంపి బాపును పిలిపించారు. నేను అప్పటికి ఆయనతో పాటు తాపీ పట్టి నాలుగేళ్లు, వెంట వెళ్లాను.

"మేస్త్రీ, గీ కిటికీలన్నీ బంద్ చెయ్యి. తూటా లోపటికి రావద్దు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"గాలాడది సారూ. ఎండకాలం ఉడికిపోతరు."

"ఉడికినా పానంతోని ఉంటం గదనయ్యా!"

అదే వారం మల్లాపూర్ వైపు నుంచి దళం వాళ్ల కబురొచ్చింది: "పోలీసోళ్లకు గోడ కడితే ఊళ్లల్ల పనికి రానియ్యం." కడితే వాళ్లు, కట్టకుంటే వీళ్లు. బాపు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు పని మొదలుపెట్టాడు.

సిమెంటు బస్తాలు వరండాలోనే ఉన్నాయి. ఆయన మట్టి కలిపాడు. ఇటుక గోడను మందంగా లేపి, కమాను అంచుకు తగలకుండా వేలెడు సందు వదిలి, అందులో ఇసుక కూరి, పైన మట్టి మెత్తాడు.

"సిమెంటు ఇస్తమంటున్నరు గద బాపు, గీ మట్టి ఏంది?"

"సిమెంటు కమానును పట్టుకుంటదిరా. ఎప్పుడన్న తీస్తరు గద. గప్పుడు నా సున్నం ఊడొద్దు."

ఆ తర్వాత పల్లెల్లో ఎవరూ ఆయన్ను పనికి పిలవలేదు. క్యాంపు ఎత్తేశాక కిటికీలు తీయమనీ ఎవరూ అడగలేదు. తీయడానికి ఆయనా మిగల్లేదు.

ఇప్పుడు ఆ పుస్తకం చూసి ఎవరో బంగళాను బాగు చేయిస్తారట, ఆ గోడలను మిషన్‌తో కొట్టిస్తారట. కొడితే కమానులు బీటలు వారతాయి. ఇసుక రాల్చి మట్టి తడిపితే చాలు, ఇటుకలు వాటంతటవే చేతికొస్తాయి. ఇది తెలిసినవాణ్ని నేనొక్కణ్నే మిగిలాను, నాకూ నిచ్చెన ఎక్కే వయసు దాటింది. ఏళ్లు గడిచేకొద్దీ సున్నం గట్టిపడుతుంది, దాన్ని తిప్పినవాళ్లు అరిగిపోతారు. ఈ నాలుగో ఉత్తరానికైనా, మిషన్ పెట్టకముందే, జవాబు చెప్పండి సారూ, మా బాపు తెలివిలేనివాడా?