ఇనుప పందిరి, పాత వల

గోడకు అవతల వల కట్టారని నాకు ముందు చెప్పింది ముక్కు. మా ఇల్లు రాజమండ్రిలో, గోదావరి గట్టుకు రెండు వీధుల ఇవతల. పక్కింటావిడ ముప్పై ఏళ్లు చేపల మార్కెట్లో కూర్చుని, మోకాళ్లు సహకరించక మానేసింది. భర్త ఇప్పటికీ పడవ మీద వెళ్తాడు. ఆయన పక్కన పడేసిన నైలాను వలను ఆవిడ రెండు సరుగుడు కర్రల మధ్య, మా ఉమ్మడి గోడ వెంబడి, దుప్పటి ఆరేసినట్టు కట్టింది. దాని మొదట్లో నాటిన తీగ మా ఆవిడ ఇచ్చిందే. నేను కోరుకోని పోటీ అలా మా ఇంటి నుంచే మొదలైంది.

కిందటి ఏడాది వానలు పడ్డాక కడియం వెళ్లాం. అక్కడి నర్సరీలో ఒక మూల, షేడ్ నెట్ నీడన, సన్నటి తీగలున్న సంచులు కొన్ని కనిపించాయి.

"క్లెమాటిస్ అండి," అన్నాడు నర్సరీ ఆయన. "చలిదేశాల్లో ఇంతింత రంగు పూలు పూస్తాయి గానీ అవి మన ఎండకి ఆగవు. ఇది మన మారేడుమిల్లి కొండల్లో రకమే, బతుకుద్ది. కార్తీకం వచ్చేసరికి తెల్లగా గుత్తులు గుత్తులు పూసుద్ది. పాకడానికి ఏదైనా ఇవ్వండి, చాలు."

మా ఆవిడ రెండు సంచులు తీసుకుంది. ఒకటి మాకు, ఒకటి పక్కింటికి. మొక్క కొన్నప్పుడు పక్కింటికి ఒకటి ఇవ్వడం ఆమెకు అలవాటు. ఇంతకుముందు ఆ అలవాటుతో నాకెప్పుడూ ఇబ్బంది రాలేదు.

ఇక్కడ నా సంగతి కొంత చెప్పాలి. దినపత్రికలో పనిచేసి రిటైరయ్యాను. చివరి పదేళ్లు జిల్లా పేజీల్లో వారానికోసారి పెరటి మొక్కల మీద ప్రశ్నలకు జవాబులు రాశాను. డెస్కులో ఇంకెవరూ ఒప్పుకోకపోతే అది నా మీద పడింది. పుస్తకాలు చూసి, నర్సరీల వాళ్లకు ఫోన్లు చేసి రాసేవాణ్ణి. సొంతంగా పెంచింది కిటికీలో తులసి ఒక్కటే. అయినా మా వీధిలో మొక్కల గురించి ఎవరికి ఏ అనుమానం వచ్చినా నా దగ్గరికే వచ్చేవారు. ఆ మర్యాద నాకు ఇష్టం. రిటైరయ్యాక మిగిలిన మర్యాద అదొక్కటే మరి.

అందుకే పందిరి విషయంలో రాజీ పడలేదు. ఒక విదేశీ తోటల పత్రికలో చూసిన బొమ్మ కత్తిరించి వెల్డింగ్ షాపుకు పట్టుకెళ్లాను. పైన అర్ధచంద్రాకారం, కింద గళ్లు.

"ఇది గేటాండి, కిటికీయాండి?" అనడిగాడు వెల్డరు.

"పందిరి."

"పందిరికి ఇంత బరువెందుకండి సార్, ఏనుగుని కడతారా ఏంటి?"

నేను నవ్వలేదు. ఒకటిన్నర అంగుళం చదరపు పైపు వేయించాను. ఆకుపచ్చ ఎనామిల్ రంగు రెండు పూతలు వేయించాను. నలుగురు మోసుకొచ్చి పెరట్లో నిలబెట్టి, కాళ్లు సిమెంటులో పాతారు. మా ఆవిడ వంటింటి గుమ్మంలోంచి చూసి, "మనింటికి రెండో గేటు పెట్టించారా?" అంది.

నా తీగ దాని మొదటి గడి దాకా వచ్చి ఆగింది. నేను చేత్తో పైకి ఎక్కించి పురికొసతో కడితే రెండు రోజులు నిలబడేది, మూడో రోజు గాలికి పక్కకు వాలేది. వేసవిలో ఇనుము కాలిపోయి, దాన్ని ఆనుకున్న లేత చిగుళ్లు పొగాకులా మాడిపోయాయి. గోడకు అవతల మాత్రం తీగ వల సగం ఎక్కింది. తొలకరి పడ్డాక పైదాకా పాకి, చాలక మా వైపు వంగింది.

అసూయ గురించి పెద్ద పెద్ద మాటలు చదివాను. నాది చాలా చిన్నది. పొద్దున్నే పళ్లు తోముకుంటూ డాబా ఎక్కి, ఆవిడ తీగ నిన్నటికీ ఇవాళ్టికీ ఎన్ని కళ్లు దాటిందో చూసేవాణ్ణి. వల గడిని కన్ను అంటారని ఆవిడ నోటే విన్నాను. వాన గట్టిగా కురిస్తే మనసులో ఒక ఆశ పుట్టేది, ఆ సరుగుడు కర్రలు కూలతాయేమోనని. కూలలేదు. నా సిమెంటు పక్కన మాత్రం నేల కాస్త కుంగింది.

సాయంత్రమయితే మా ఆవిడ కాఫీ గ్లాసు పట్టుకుని గోడ అవతలికి వెళ్లేది. ఆ వల కింద చెరో పీట వేసుకుని ఇద్దరూ కూర్చునేవారు. నా పందిరి కింద నేను కుర్చీ వేసుకున్నాను. నీడ లేదు. వాళ్ల నవ్వులు మాత్రం బాగా వినిపించేవి.

ఒకరోజు గట్టు మీదికి నడకకు వెళ్లే రిటైర్డ్ మాస్టారు ఒకరు ఆగారు. నా జవాబులు కత్తిరించి ఫైల్లో పెట్టుకునే పాఠకుడాయన. ఆగింది మా గేటు దగ్గర కాదు, ఆవిడ గేటు దగ్గర.

"ఏం వేస్తారమ్మా దీనికి?"

"చేపలు కడిగిన నీళ్లేనండి. ఇంకేం ఉంటాయి మా ఇంట్లో," అంది ఆవిడ.

"అద్భుతం," అన్నారు మాస్టారు. ఆ నీళ్లు తీగ మొక్కలకు మంచివని నేనే రెండుసార్లు రాశాను. ఆయన ఫైల్లో ఆ కాగితాలు ఉండే ఉంటాయి. నేను గోడ మీదుగా తల పెట్టి, "మాస్టారూ, కార్తీకం రానివ్వండి, మా పందిరి చూద్దురుగాని," అన్నాను. ఆయన నా ఇనుప గళ్ల వంక చూసి, "తప్పకుండానండి," అన్నారు. ఆ 'అండి'లో ఉన్న జాలి నాకు తెలుసు. బాగా లేని కవితలు పట్టుకొచ్చినవాళ్లకు నేనూ అలాగే చెప్పేవాణ్ణి.

మా ఆవిడకూ మాట ఇచ్చాను. కార్తీక సోమవారానికి మన తీగ పూలే శివుడికి పెడదువుగాని అని. అలా ఇరుక్కున్నాను. కార్తీకం వచ్చేసింది. పక్కింటావిడ వల నిండా మొగ్గలు, మినపగుళ్లంత, గుత్తులు గుత్తులుగా. నా తీగకు ఆకులే.

మా ఊళ్లో తెల్లవారుజామున ఒక జనం బయల్దేరుతారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, కొసన వంకీ ఉన్న కర్ర. ఎవరి గోడ మీంచి మందారం వంగినా, ఎవరి నందివర్ధనం వీధిలోకి వచ్చినా కోసుకెళ్తారు. మర్యాదస్తులే, అందులో పెద్ద ఉద్యోగాలు చేసినవాళ్లూ ఉంటారు. దేవుడి పూలకు దొంగతనం అంటదు అని వాళ్ల నమ్మకం. ఈ అలవాటు మీద ఒకప్పుడు నేను పత్రికలో వెటకారంగా రాశాను కూడా.

మొదటి సోమవారం పొద్దున్న, మా వైపు వంగిన కొమ్మల నుంచి గుప్పెడు కోశాను. దేవుడికే కదా అనుకున్నాను. విచ్చుకున్న పూలు నాలుగైదు ఉన్నాయి. నేను వాటిని వదిలి మొగ్గలు కోశాను.

"మొగ్గలు తెచ్చారేంటండీ?" అంది మా ఆవిడ.

"మల్లె మొగ్గలే కోస్తాం కదా. సాయంత్రానికి విచ్చుకుంటాయిలే."

విచ్చుకోలేదు. శివుడి ముందు నల్లబడ్డాయి. మంగళవారం సోమవారం కాదు, అయినా కోశాను. ఆ మొగ్గలు దేవుడి గూటి దాకా వెళ్లలేదు, గోడ వారన ఉన్న తూములో పడేశాను. బుధవారం ఇంకొంచెం చెయ్యి చాచాను. ఎన్ని మొగ్గలు తగ్గితే అన్ని పూలు తగ్గుతాయి, మాస్టారు ఆగే సమయం అంత తగ్గుతుంది. ఈ లెక్క నేను స్పష్టంగానే వేశాను. తెలియక చేశానని రాస్తే అబద్ధమవుతుంది.

గురువారం సాయంత్రం పక్కింటావిడ గోడ దగ్గరికి వచ్చింది. మా ఆవిడ లోపల దీపం పెడుతోంది.

"అన్నయ్యగారండి, మీకు మొక్కల గురించి తెలుసు కదా, ఒకటి అడుగుతాను."

"అడుగు చెల్లెమ్మా."

"మా తీగకి ఉడత పట్టిందండి. మొగ్గలు కొరికేస్తంది."

"ఉడతలు కొరుకుతాయి," అన్నాను. "కాస్త కారం నీళ్లు చల్లు."

"చల్లేదాన్నేనండి. కానీ ఇది మీ వైపే కొరుకుతందండి, మా వైపు ముట్టుకోదు. అదీ మనిషి ఎత్తుకే. అంతకన్నా పైకి ఎక్కలేదు పాపం, మోకాళ్ల నొప్పులేమో. కారం చల్లితే కళ్లలో పడుద్దేమోనని ఆలోచిస్తన్నాను."

ఆవిడ మొహంలో నవ్వు లేదు. ముప్పై ఏళ్లు బేరాలాడిన మొహం అది. ఎంతోమంది ప్రశ్నలకు జవాబులు రాసినవాణ్ణి, నిలబడి కింద తూము వంక చూశాను. ఆవిడా అటే చూసింది. అప్పుడు గోడ మీద మోచేతులు ఆన్చి, నా పందిరిని మొదటిసారి తీరుబడిగా పరిశీలించింది.

"అది పాకలేదండి దాని మీద."

"ఎందుకు పాకదు? ఇంత బలంగా కట్టించాను."

"బలం కాదండి. ఇలా రండి."

వెళ్లాను. ఆవిడ తన వలలోంచి ఒక ఆకు పట్టుకుని చూపించింది. ఆకుకు కాడ ఉంటుంది కదా, ఆ కాడ వల దారం చుట్టూ ఒక మెలిక తిరిగి, ముడి వేసినట్టు బిగిసి ఉంది. పక్క ఆకూ అంతే. ప్రతి ఆకూ తన కాడతోనే పట్టుకుంది. కాకర తీగకు ఉన్నట్టు వేరే నులితీగలు లేవు.

"దీని చెయ్యి ఎంత ఉందో చూడండి. మీ పైపు చుట్టూ తిరగాలంటే అందుద్దా? చంటిపిల్లకి తాటి దుంగ ఇచ్చి పట్టుకోమన్నట్టుంది."

ఏడాదిగా రోజూ ఆ తీగను చూస్తున్నాను. అంతకుముందు నలభై ఏళ్లు చూడ్డమే నా ఉద్యోగం. ఆవిడ తీగ ఎంత ఎత్తు ఎక్కిందో చూశాను, ఎన్ని మొగ్గలు వేసిందో చూశాను, ఎవరు ఆగి మెచ్చుకున్నారో చూశాను. దేన్ని పట్టుకుని ఎక్కిందో చూడలేదు.

మర్నాడు పొద్దున్న ఆవిడ వల ముక్క ఒకటి భుజాన వేసుకుని మా పెరట్లోకి వచ్చింది. దానికి ఇంకా చేపల వాసన ఉంది. ఒట్టి చేతుల్తో నా ఇనుప గళ్ల మీద పరిచి, అంచుల్ని పైపులకు ముడివేయడం మొదలుపెట్టింది. మా ఆవిడ స్టూలు తెచ్చి పట్టుకుంది. నేను కత్తెర అందించాను. ఆవిడ వేళ్లు ముడి వైపు చూడకుండానే ముడి వేస్తున్నాయి. కోపమొచ్చేంత సులువుగా వేస్తున్నాయి. అంత సాయం చేస్తున్నప్పుడు కూడా నాకు ఆ వేళ్ల మీద అసూయే కలిగింది. సిగ్గుపడ్డాను గానీ అది పోలేదు.

"ఇనుము ఊరికే పోదులెండి," అంది ఆవిడ దిగుతూ. "తుఫాను వస్తే మా కర్రలు పడిపోతాయి. మీది నిలబడుద్ది."

అది ఓదార్పో ఎత్తిపొడుపో ఇప్పటికీ తేల్చుకోలేదు.

మా ఆవిడకు ఆ మొగ్గల సంగతి ఆవిడ చెప్పిందో లేదో కూడా తెలియదు. నేను అడగలేదు. ఆ సాయంత్రం మాత్రం మా ఆవిడ తూములోంచి నల్లబడ్డ మొగ్గలు చీపురుతో ఊడ్చి, మా తీగ మొదట్లో వేసింది.

తీగ రెండు రోజుల్లో మొదటి కన్ను పట్టుకుంది. వారానికి నా భుజాలు దాటింది. కార్తీకం మూడు సోమవారాలు వెళ్లిపోయాయి, ఒక్క మొగ్గా లేదు. మాస్టారు నడకకు వెళ్తూ మా వైపు చూసి, మర్యాదగా చూడనట్టు వెళ్లిపోయేవారు. నెల ముగిసింది. మాట తప్పాను. మా ఆవిడ మిగతా సోమవారాలన్నీ పక్కింటి పూలే పెట్టింది, ఆవిడ స్వయంగా గోడ మీంచి అందించినవి, పూర్తిగా విచ్చుకున్నవి.

మార్గశిరంలో ఒక పొద్దున్న వల మధ్యలో తెల్లగా ఏదో కనిపించింది. ఒకే గుత్తి. అయిదు పూలు. చిటికెన వేలి గోరంత పూలు, మధ్యలో సన్నటి కేసరాల కుచ్చు. దగ్గరికి వెళ్లి వాసన చూశాను. పూలదీ వచ్చింది, వలదీ వచ్చింది. మా ఆవిడను పిలిచాను. ఆమె చూసి, కోయనంది, చెట్టునే ఉండనిమ్మంది.

గోడ అవతల ఆవిడ బిందెతో నీళ్లు పోస్తోంది. అక్కడ వల కనిపించనంత తెల్లగా ఉంది. నావి అయిదు. అయినా గొంతు సవరించుకుని చెప్పాను, మా తీగ పూసిందని.

ఆవిడ బిందె దించి, తీరిగ్గా చూసింది.

"ఎన్ని పూశాయండి?"

"అయిదు."

"ఇంకా అయిదూ ఉన్నాయా?" అంది. "మీ వైపు ఉడతలు మంచివండి, అన్నయ్యగారండి."