గుండు చేయించుకున్న జపాను సారు

మా మేడమీద కొన్నేళ్లు అద్దెకున్న జపాను సారు పోయారని మొన్న పొద్దున ఆయన భార్య ఫోన్ చేసి చెప్పింది. వాళ్ల ఊళ్లోనే, నిద్రలోనే గుండె ఆగిపోయిందట. నేను ఫోను పట్టుకుని ఉండగానే పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. మా తమ్ముడి మోకాలు తనవల్లే పోయిందన్న బాధ ఆయన్ను చివరిదాకా వదల్లేదని నాకు తెలుసు. ఆ ముల్లు మేమెవరమూ తీయలేకపోయాం.

సారు జపానులో పేరున్న ఫుట్‌బాల్ ఆటగాడు, మిడ్‌ఫీల్డర్. అంటే వెనకవాళ్ల దగ్గర బంతి అందుకుని ముందువాళ్లకు అందించేవాడు. "గోల్ కొట్టినవాడికి దండ, బంతి ఇచ్చినవాడికి దాహం" అని వచ్చీరాని తెలుగులో నవ్వేవారు. కుర్రతనంలో చేరిన క్లబ్బులోనే, ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లూ ఆడారు. ఆట మానుకున్నాక తిరుపతిలో ఒక ప్రైవేటు అకాడమీ వాళ్లు పిలిస్తే పిల్లలకు నేర్పడానికి వచ్చారు. బంతి రాకముందే ఎడమా కుడీ చూసుకోవాలన్నది ఆయన మొదటి పాఠం. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, మా అమ్మ సాంబారు వడ్డించబోయినా రెండు భుజాల మీదుగా చూసి గానీ కంచం జరిపేవారు కాదు.

"ఎవురూ లాక్కోరులే సారూ, తినండి" అనేది అమ్మ.

మా తమ్ముడిలో ఆయనకు తన పడుచుతనం కనిపించింది. తనలాగే వాణ్ణీ మధ్యలో ఆడించారు. గూడూరులో ఒక మ్యాచ్‌లో వాడి మోకాలు మెలి తిరిగి లిగమెంటు తెగింది. ఇక ఆట మరిచిపొమ్మన్నాడు డాక్టరు. మా నాయనది బెల్లం మండీలో పెరిగిన గొంతు. మెట్ల కింద నిలబడి వీధంతా వినిపించేలా అరిచాడు.

"నా కొడుకు కాలు ఇరగ్గొట్టినావు గదప్పా! నీ ఆట పాడుగాను!"

 మర్నాడు సారు నున్నటి గుండుతో మేడ దిగి వచ్చారు.

తిరుపతిలో గుండు కనిపిస్తే ఇంకేం అడుగుతారు? పూలమ్మే ఆమె "గోవిందా! మొక్కు తీరిందా సారూ?" అంది. పక్కింటావిడ లడ్డు అడిగింది. నాయనైతే కరిగి నీరైపోయాడు.

"మావాడి కోసం కొండకు పోయి తలనీలాలిచ్చినాడు సూడండప్పా!" అని ఆయన్ను వాటేసుకున్నాడు. సారు నడుం వంచి నిలబడి ఏడ్చారు.

ఆయన కొండకే పోలేదని తర్వాత నాకు చెప్పారు. బాత్రూములో తనే గొరుక్కున్నారు. వాళ్ల దేశంలో ఆటగాడు పెద్ద తప్పు చేస్తే అలా గుండుతో తల వంచి క్షమాపణ అడగడం ఉందట. ఆయన క్లబ్బు కింది డివిజనుకు జారిపోయిన ఏడాది, చివరి ఆటలో ఈయనిచ్చిన పాసు ఎదుటివాళ్లకు చిక్కి గోలైంది. అప్పుడూ గుండుతో అభిమానుల ముందు నిలబడ్డారు.

"వాళ్లు తిట్టారు. తిట్టారు, అయిపోయింది. మీ నాన్న కౌగిలించారు. కానీ క్షమించలేదు, అది క్షమాపణ అని ఆయనకు తెలీదు. నేను రెండు వైపులా చూసేవాణ్ణి. పిల్లవాడి కాలు చూడలేదు."

ఈ మాట నాయనకు చెబితే "ఏదైతేనేం, గుండు గుండే గదా" అని తేల్చేశాడు. నాకు ఒళ్లు మండింది. అకాడమీ మూతపడి సారు వెళ్లిపోయాక కూడా, ఫోన్ చేసినప్పుడల్లా ముందు మోకాలి సంగతే అడిగేవారు. తమ్ముడు మాత్రం ఫోను అందుకునేవాడు కాదు. వాడికి కోపం తీరలేదనుకునేదాన్ని.

కబురు తెలిసి వాడు పూతలపట్టు నుంచి సాయంత్రానికి వచ్చాడు. అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు.

"మ్యాచ్‌కు ముందు సారు నా మోకాలు పట్టుకుని అడిగినాడక్కా, నొప్పుండాదా అని. లేదంటిని. వారం నుంచి వాచుండె. సెప్తే ఆడనీడని..."

నాయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఇన్నేండ్లూ సెప్పలేదేమిరా?"

వాడు కంచం పక్కకు జరిపాడు. నాయన చెయ్యి కడుక్కుని వచ్చాడు.

"ఆ దేశం ఏ పక్కుండాదిరా?"

తమ్ముడు తూర్పుకు చెయ్యి చూపించాడు. నాయన భుజం మీది తువ్వాలు తీసి అటు తిరిగి చేతులు జోడించాడు. ఆ పక్క మాకు బీరువా తప్ప ఏమీ లేదు. దాని అద్దంలో ఆయనకు ఆయనే కనిపిస్తున్నాడు, వెనకాల కాలు చాపుకుని కూర్చున్న కొడుకూ కనిపిస్తున్నాడు. నాయన చాలాసేపు చేతులు దించలేదు.