అలారం వంతు

వల్లూరులో మా శెనక్కాయ చేను ఉన్నచోట ఇప్పుడు సోలార్ పలకలున్నాయి. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ డిప్లొమా చేసిన నాకు ఆ సోలార్ పార్కులోనే, కంట్రోల్ రూంలో ఉద్యోగం దొరికింది. ఏ బ్లాకులో లోపం వచ్చినా నా తెరమీద ఎర్రగా వెలగాలి. చూసి మనుషుల్ని పంపడం నా పని.

ఒక మధ్యాహ్నం తెరంతా పచ్చగానే ఉంది. పలకలు కడిగే అత్త ఫోన్ చేసింది. మా ఊరావిడే.

"పాపా, ఈడ వైర్ల పెట్టెలోంచి పొగ వస్తా ఉండాది. నీకు కనపళ్ళేదా?"

"లేదత్తా! దాని దగ్గరికి పోవద్దు, నీళ్ళు చల్లొద్దు. అందర్నీ దూరంగా పిల్చుకోని పో."

ఆ బ్లాకును ఆపుదామంటే మౌస్ బాణం కదలదు. టెక్నీషియన్‌కు ఫోన్ చేశాను. అతను బైకుమీద వెళ్లి చేత్తో స్విచ్ ఆపేశాడు. ఆ తర్వాత గానీ నా తెరమీద ఎర్ర గుర్తు రాలేదు. ఎవరికీ ఏమీ కాలేదు.

"పాత కంప్యూటర్ కదమ్మా. కొత్తది అడుగుదాం," అన్నారు మా ఇంజినీరు.

నాకు మనసొప్పలేదు. మర్నాడు అదే వేళకు కంప్యూటర్ లోపల ఏం జరుగుతోందో చూశాను. రోజువారీ రిపోర్టు తయారుచేసే ప్రోగ్రాం సరిగ్గా అప్పుడే మొదలవుతోంది. ఆపరేటింగ్ సిస్టమ్ దాన్నీ, ఎర్ర గుర్తు వెలిగించే అలారం ప్రోగ్రాంనీ సమానంగా చూస్తూ వంతులవారీగా నడుపుతోంది. రిపోర్టువి పదుల కొద్దీ పనులు, అలారానిది ఒక్కటే. దాని వంతు వచ్చేసరికి ఆలస్యమైపోతోంది.

ఇంజినీరు సరేనన్నాక అలారానికి అన్నిటికన్నా పై ప్రాధాన్యం ఇచ్చాను. మౌస్, కీబోర్డు రెండూ బిగుసుకుపోయాయి.

"ఏం జేసినావమ్మా?" అన్నారు ఇంజినీరు.

నా మొహం చిన్నబోయింది. అంత పైకి ఎక్కిస్తే మౌస్‌కు కూడా వంతు దొరకదని అప్పుడు తెలిసింది. కంప్యూటర్‌ను మళ్ళీ స్టార్ట్ చేసి, అలారాన్ని ఒక మెట్టు దించి, రిపోర్టును అన్నిటికన్నా అడుగున పెట్టాను.

రిపోర్టు నడుస్తుండగానే, పరీక్ష కోసం టెక్నీషియన్ ఒక ఫ్యూజు తీశాడు. అత్త ఫోన్‌లో ఉంది.

"ఇప్పుడు తీసినాడు పా..."

"వచ్చిందత్తా!"

"నా మాటే అయిపోలేదు గదే!" అని నవ్వింది.

అప్పటినుంచి రిపోర్టు కాస్త ఆలస్యంగా పోతోంది. పై ఆఫీసువాళ్ళు ఒకసారి కారణం అడిగారు. రాసి పంపాను. మళ్ళీ అడగలేదు.