నీలి డ్రమ్ము మీద నిఘా

మనిషిని నమ్మడం కంటే అనుమానించడమే తెలివైన పని అనిపించే వయసొకటి ఉంటుంది. నాకది డిగ్రీ పూర్తయి, ఉద్యోగం రాక, అరసవల్లిలో మా పెద్దమ్మ ఇంట్లో కూర్చుని తిన్న రోజుల్లో వచ్చింది. (పెద్దమ్మకి పుట్టుకతోనే వచ్చిందని పెదనాన్న అనేవారు.) అప్పుడే గరివిడి నుంచి ఒకావిడ వెనకవాటాలో అద్దెకు దిగింది. గుడ్డలకు జపాను పద్ధతిలో నీలిరంగు వేసే కళాకారిణినంది. తెల్ల ఖద్దరుకి దారాలతో వందల ముడులు వేసేది, అంతవరకూ బాగానే ఉంది. కానీ పెరట్లో మూతపెట్టి ఉంచిన పెద్ద డ్రమ్ములో నీలిమందుతో పాటు తవుడు, సున్నం, బెల్లం ఎందుకు? వారం తిరిగేసరికి పెరడంతా పులిసిన కంపు. రోజూ పొద్దున్నే మూత తీసి, నురగ చూసి మురిసిపోయేది.

"బెల్లం పులిస్తే రంగవుతాదేటే? అది సారాయే! రేపు పోలీసులొస్తే ఇల్లు నాదంటారు. సదువుకున్నదానివి, ఓ కన్నేసి ఉంచే," అంది పెద్దమ్మ. చదువుకి ఇన్నాళ్లకు ఒక పని దొరికింది.

ఆవిడ బజారుకు వెళ్లిన ఒక మధ్యాహ్నం, సాక్ష్యం పట్టుకొద్దామని ఖాళీ సీసాతో వెళ్లి మూత తీశాను. సీసా కాస్తా చేజారి అడుక్కి పోయింది. చెయ్యి భుజం దాకా దించి, అటూ ఇటూ కలియబెట్టి, ఎలాగో తీశాను. పచ్చగా బయటికొచ్చిన చెయ్యి నేను చూస్తుండగానే నీలంగా మారిపోయింది. "పెద్దమ్మా, విషం! సచ్చిపోతన్నాను!" అని నేను వేసిన కేక ఆటోస్టాండు దాకా వినిపించిందట. పెద్దమ్మ చింతపండు, కొబ్బరిపీచు అన్నీ ప్రయోగించింది. చర్మం మండింది గాని రంగు వదల్లేదు.

సరిగ్గా అప్పుడే ఆవిడ వచ్చింది. నా చెయ్యి చూసి, డ్రమ్ములోకి చూసి, అక్కడే కూలబడింది. "లోపలికి గాలి కలవనీకుండా నెల్లాళ్లు సాకేను సెల్లీ. ఇది బతికున్న రంగు. అంతలా కలిపేస్తే ఇంకేటుంటాది? వచ్చే వారమే విశాఖలో ప్రదర్శన, ఆకరి గుడ్డ ముంచాలి."

"మరి బెల్లమెందుకో?" అంది పెద్దమ్మ, ఇంకా అనుమానంగానే.

"దానికి తిండి. జపానులో అయితే సారాయే పోస్తారు. మీ ఇంట్లో బాగోదని బెల్లం ఏస్తన్నాను."

పెద్దమ్మ లోపలికి వెళ్లిపోయింది. ఐదు రోజులు నేనే తవుడు గంజి కాచి ఆ డ్రమ్ముకి పోశాను. రోజుకు పదిసార్లు మూత సందులోంచి తొంగిచూసి, నురగ కనబడక ఏడుపు దిగమింగుకున్నాను. ఆరోనాడు నురగ లేచింది. ఆవిడ గుడ్డ ముంచి, ముడులు విప్పితే, నీలం మీద తెల్లటి వానచినుకులు.

మర్నాడు ఆవిడ ఆ గుడ్డ పట్టుకుని విశాఖ బస్సెక్కుతూ, "రంగు సూసుకో సెల్లీ," అని వాటా తాళం నా నీలం చేతిలో పెట్టింది. ఇంత చేసినా నాకే ఇస్తోందంటే ఇందులో ఏదో మతలబు ఉందని, బస్సు మలుపు తిరిగేదాకా ఆవిడనే అనుమానంగా చూస్తూ నిలబడ్డాను. అలా నిలబడ్డ అప్పటి నన్ను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నవ్వాక ఆ తాళం గుర్తొస్తుంది.