అత్తమ్మ విడిచిన చాయ్

మా అత్తమ్మకు చాయ్ పిచ్చి. లేవగానే ఒకటి, టిఫిన్ తర్వాత ఒకటి, ఎవరైనా వస్తే వాళ్ల పేరు మీద ఇంకొకటి. ఎవరూ రాకపోతే గుమ్మంలో నిలబడి ఎవరినో ఒకరిని పిలిచేది. చాయ్ ఆలస్యమైతే ఆమె నోటికి ఇల్లంతా హడలిపోయేది. నాకూ నోరు తక్కువేం కాదు కాబట్టి మా ఇంట్లో పొద్దుటిపూట మంచి సందడి.

మాది నానక్‌రామ్‌గూడ పాత ఊరు. చుట్టూ లేచిన టవర్లలో ఒకదానిలో నేను రిసెప్షన్‌లో పనిచేస్తాను, మా ఆయన కంపెనీ క్యాబ్ నడుపుతాడు. పెళ్లయిన కొత్తలోనే మా ఇద్దరికీ హెచ్ఐవీ ఉందని తెలిసింది. ఎవరి వల్ల అని కొన్నాళ్లు తవ్వుకున్నాం, ఏడ్చాం, కొట్లాడుకున్నాం. తర్వాత మాత్రలు వేసుకుంటూ మామూలుగా బతకడం నేర్చుకున్నాం. మేం కాక ఆ సంగతి తెలిసింది అత్తమ్మ ఒక్కతెకే.

నేను కడుపుతో ఉన్నప్పుడు బిడ్డకు నా జబ్బు అంటుతుందేమోనన్న భయం ఒకటైతే, అత్తమ్మ ఏం చేస్తుందోనన్న భయం ఇంకొకటి. మా గల్లీలో ఎవరింట పిల్లలు పుట్టినా వసకొమ్ము అరగదీసి, తేనెలో కలిపి నాలుకకు రాసేది ఆమే. ఆమె వేలు తగిలితే పిల్లలకు మాటలు బాగా వస్తాయని అందరి నమ్మకం. దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది దానికి పూర్తిగా విరుద్ధం. నేను మాత్రలు ఒక్కపూట కూడా మానకూడదు, పుట్టిన బిడ్డకు వాళ్లిచ్చిన సిరప్ చెప్పినన్నాళ్లూ పట్టాలి. ఇస్తే నా పాలే ఇవ్వాలి, లేదంటే డబ్బా పాలే పట్టాలి, రెండూ కలపకూడదు. నా పాలయితే ఆరు నెలల దాకా వాళ్లు రాసిన మందులు తప్ప నీళ్లు కూడా పొయ్యకూడదు. పైవి పడితే లేత పేగు దెబ్బతిని, జబ్బు అంటుకునే ప్రమాదం పెరుగుతుందట.

నేను చెబితే వినదని, బాబు పుట్టాక అత్తమ్మను కూడా దవాఖానకు తీసుకెళ్లాను.

“తేనె గూడ వద్దా అమ్మా? జర నాలికకు రాసుడే.”

“వద్దమ్మా. చుక్క కూడా వద్దు,” అంది డాక్టరమ్మ.

 ఇంటికి రాగానే అత్తమ్మ వస అరగదీసే సానరాయిని అటక మీదకు ఎక్కించింది. అయినా నాకు నమ్మకం కుదరలేదు. ఆమె బాబును ఎత్తుకున్నప్పుడల్లా నా చూపు ఆమె వేళ్ల మీదే ఉండేది.

బాబును తొట్టెలలో వేసే రోజున హఫీజ్‌పేట్ నుంచి అత్తమ్మ వాళ్ల అక్క వచ్చింది. గల్లీల్లో గాడిదను తోలుకుంటూ పాలమ్మేవాళ్లు దారిలో కనిపించారట, చిన్న సీసాలో పిండించి తెచ్చింది. పసివాళ్లకు దగ్గూ దమ్మూ రాకుండా అవి పట్టడం మాలో ఆనవాయితీ. నేను చూస్తుండగానే పెద్దత్తమ్మ కాళ్లు చాపుకుని, బాబును పడుకోబెట్టుకుని, ఉగ్గుగిన్నెలో పాలు వంపింది. ఇంటినిండా చుట్టాలు. ఏం చెప్పి ఆపాలో తెలియలేదు.

వంటింట్లోంచి వస్తున్న అత్తమ్మ ఒక్క అంగలో వచ్చి ఆ గిన్నె లాక్కుంది.

“ఆగక్కా. మొక్కు ఉన్నది.”

“ఏం మొక్కే?”

“ఆరు నెల్లు తల్లిపాలు దప్ప నోట్లె ఏం వెయ్యనని ఎల్లమ్మ తల్లికి మొక్కిన.”

అదంతా అప్పటికప్పుడు పుట్టిన అబద్ధం. మొక్కుకు అడ్డుపడే ధైర్యం మా వాళ్లలో ఎవరికీ లేదు. కానీ పెద్దత్తమ్మ అంత తేలిగ్గా వదిలే రకం కాదు.

“పిల్లగానికి బంద్ పెడితివి, మంచిది. మరి మొక్కినదానివి, నువ్వేం ఇడిసినవ్?”

అందరూ అత్తమ్మ వైపు చూశారు. ఆమె రెండో చేతిలో అప్పుడే పోసుకున్న చాయ్ గ్లాసు ఉంది. దాన్ని ఒకసారి చూసింది, నన్ను ఒకసారి చూసింది.

“చాయ్ ఇడిసిన. ఇగో, గిది నీకే తెచ్చిన, తాగు,” అని గ్లాసు అక్క చేతిలో పెట్టింది.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

చుట్టాలు వెళ్లిపోయాక చాయ్ పెట్టి ఇచ్చాను. “ఎవరూ లేరు కదా అత్తమ్మా, తాగు,” అన్నాను.

“ఒక్కపారి తల్లి పేరు చెప్పినంక అబద్ధమెట్లయితది? తీసెయ్.”

తరువాత మాకు నరకం చూపించింది. తలనొప్పితో గిన్నెల మీద అరిచింది, కొడుకు మీద అరిచింది, గుమ్మం ముందు బండి పెట్టిన ప్రతివాడి మీదా అరిచింది. నేను చాయ్ కాస్తుంటే మాత్రం పనేమీ లేకపోయినా వచ్చి పొయ్యి పక్కన నిలబడేది. ఎండలు ముదిరాక బాబు తెగ ఏడుస్తుంటే నాకే మనసు ఆగక, ఒకరోజు చెంచాతో నీళ్లు తీశాను. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“నీళ్లు నువ్వు తాగు బిడ్డా. నీ పాలల్లనే వానికి పోతయ్.”

ఆ రోజు నుంచి ఆమె వేళ్లను కనిపెట్టడం మానేశాను. ఇంత మనిషిని అనుమానించానే అని నా మీద నాకే కోపం వచ్చింది.

ఆరు నెలలు నిండి బాబు మెత్తటి అన్నం తిన్న రోజు అత్తమ్మకు మంచి చిక్కటి చాయ్ పెట్టాను. ముట్టుకోలేదు.

“ఆరు నెల్లన్నది మా అక్కతోని. వాని ఆఖరి పరీక్ష ఒడిసేదాక అని తల్లితోని అన్న.”

పాలు మాన్పించి, బాబుకు ఏడాదిన్నర దాటాక గానీ జబ్బు ఉందో లేదో తేల్చే ఆ పరీక్ష చెయ్యరు. అంతకు ముందు చేసినవన్నీ బాగానే వచ్చినా, ఆ రోజు డాక్టరమ్మ కాగితం చూస్తున్నంతసేపూ ఆమె మొహమే చూస్తూ కూర్చున్నాను. బాబుకు జబ్బు లేదని చెప్పింది. అత్తమ్మ ఆమెతో ఆ మాట మళ్లీ చెప్పించుకుంది.

దవాఖాన గేటు బయట చాయ్ బండి ఉంది. గ్లాసు తెచ్చి ఇస్తే చాలాసేపు వాసనే చూసింది. ఒక గుక్క తాగి కళ్లు తుడుచుకుంది.

“చక్కెర జర తక్కువేసిండు,” అంది.

నా చంకలో ఉన్న బాబు గ్లాసు కోసం చెయ్యి చాపాడు. అలవాటు కొద్దీ గ్లాసు దూరం జరిపింది. మరుక్షణం ఏదో గుర్తొచ్చినట్టు నవ్వి, చాయ్‌లో చూపుడువేలు ముంచి వాడి నాలుకకు రాసింది.

“ఇంక,” అన్నాడు వాడు.